నల్ల అట్ట పక్కకు జరిగిన రోజు

ఈ రోజుల్లో ఫోన్ ఉన్న ప్రతివారూ ఫొటోగ్రాఫర్లే. కాదనను, మా మనవరాలూ అంతే. కానీ ఒక పాత స్టాంపును ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టి, ఎక్కడో దూర దేశాన కూర్చున్న మనిషి చేత నమ్మకంగా కొనిపించి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. స్టాంపు బొటనవేలంత ఉంటుంది. దాని రంగు వెలిసిందా, అంచు పళ్లలో ఒకటి విరిగిందా, వెనక జిగురు చెదిరిందా అని కొనేవాడు పెళ్లిచూపులకు వచ్చిన మేనత్తలా అడుగుతాడు. అవన్నీ ఫొటోలోనే కనబడాలి. లేకపోతే వస్తువు తిరిగొస్తుంది, దాని వెంట నాలుగు తిట్లూ వస్తాయి.

నేను ఈ పనిలోకి తిన్నగా రాలేదు. శాలిబండలో ఒక ఫొటో స్టూడియోలో నా సగం జీవితం గడిచింది. ముఖాల మీద మచ్చలు తుడవడం, పెళ్లికూతుళ్ల కళ్ల కింద నలుపు తీయడం, పోయినవాళ్ల పాస్‌పోర్టు ఫొటోను గోడకు తగిలించేంత పెద్దది చేయడం నా పని. స్టూడియో మూతపడి మొబైల్ రిపేరు దుకాణమైంది. అప్పుడు మా మేడ మీద పాత స్టాంపులు అమ్మే సేటు నన్ను పిలిచాడు. ఆయనకు ఎండంటే పడదు, స్టాంపులు వెలిసిపోతాయని. కొనేవాళ్లు కింద రాసే వ్యాఖ్యలంటే మహా భయం. మొదటి రోజే నాకు ఒక పాఠం చెప్పాడు.

"అక్కా, నువ్వు స్టూడియోల ఉన్నది దాచినవ్. ఈడ ఉల్టా. ఉన్నది కనబడాలె, లేనిది కనబడొద్దు. బస్."

చెప్పినంత తేలిక కాదు. మచ్చ తుడవకుండా వదిలేయడానికే నా చేతికి చాలాకాలం పట్టింది. లేనిది కనబడకుండా చూడటం ఇంకా కష్టం. స్టాంపులు ఆల్బంలో పలచని ప్లాస్టిక్ జేబుల్లో ఉంటాయి. ఆ ప్లాస్టిక్ అద్దం లాంటిదే. సందు చూసుకుని మీ కెమెరా, మీ ముక్కు, వెనక గోడ అన్నీ అందులోకి దూరతాయి. అందుకే వీలైనంతవరకు స్టాంపును పట్టకారుతో బయటికి తీసి నల్ల కాగితం మీద పెట్టి తీస్తాం. తీయడానికి వీల్లేనప్పుడు ఒక పెద్ద నల్ల అట్టకు మధ్యలో చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి కెమెరా చూసేట్టు అడ్డం పట్టుకుంటాం. అప్పుడు ప్లాస్టిక్‌లో నలుపు తప్ప ఏమీ పడదు. ఇంత వివరం ఎందుకంటే, నేను చెప్పబోయేదంతా ఆ అట్ట మీదే ఉంది.

ఒకరోజు పురానాపూల్ నుంచి ఒకామె తువ్వాలులో చుట్టిన ఆల్బంతో దుకాణానికి వచ్చింది. నాకంటే కొంచెం పెద్దది. కరెంటు ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైంది, పెళ్లి చేసుకోలేదు. ఆల్బం తమ్ముడిది. తల్లి లేని ఆ పిల్లవాణ్ని తానే పెంచింది. ఒక పేజీ మీద గుడ్డ కప్పి ఉంది. సేటు మిగతా పేజీలు తిప్పుతూ ముఖం మామూలుగా పెట్టుకున్నాడు గానీ, చెవులు ఎర్రబడటం నేను చూశాను. నిజాం కాలం నాటి స్టాంపులు అంత శుభ్రంగా దొరకడం అరుదు.

"తమ్ముడు ఏడున్నడమ్మా?" అని అడిగాడు సేటు.

"లేడు," అంది ఆమె. తువ్వాలు మడతపెడుతూ, "మూసీల పోయిండు. శానా ఏండ్లయింది," అంది.

వానాకాలంలో ఒక సాయంత్రం ఇంట్లోంచి వెళ్లాడట. సైకిలు వంతెన పక్కన దొరికింది, చెప్పులు ఒడ్డున దొరికాయి. మనిషి దొరకలేదు. ఆమె చాలా ఏళ్లు ఎదురుచూసింది. చుట్టాలందరూ చెప్పగా చెప్పగా చివరికి కర్మ చేయించి, ఫొటోకు తన చేతులతోనే దండ వేసింది. ఇప్పుడీ ఆల్బం కూడా అమ్మేస్తే ఎదురుచూడటం పూర్తిగా మానేస్తానని ఆమె ఆశ. ఆ మాట ఆమే అంది, మాకు పనికిమాలిన మాటేదో చెబుతున్నట్టు తల వంచుకుని.

కానీ రెండు షరతులు పెట్టింది. అమ్ముడయ్యేదాకా ఆల్బం ఇల్లు దాటకూడదు. స్టాంపులను వాటి చోటు నుంచి కదపకూడదు.

"వాడు పెట్టినకాడ్నే ఉండాలె. కొన్నోడొచ్చి తీసుకొని పోతె అది వేరే," అంది.

సేటు నా వైపు చూశాడు. నేను నల్ల అట్ట వైపు చూశాను.

అలా పురానాపూల్‌లో ఆ ఇంటికి వెళ్లి వస్తుండేదాన్ని. ముందు ఒక గది, వెనక వంటిల్లు, పక్కన వసారా. గదిలో కిటికీ పక్కన బల్ల వేసి, ఆల్బాన్ని దిండుకు ఆనించి నిలబెట్టేదాన్ని. కిటికీకి పలచని తెల్లబట్ట కట్టేదాన్ని, ఎండ నేరుగా పడకుండా. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నల్ల అట్ట ఆమె పట్టుకునేది. నా వీపు వెనక గోడ మీద తమ్ముడి ఫొటో ఉండేది. సన్నటి మనిషి, మీసాలు సరిగ్గా రాలేదు, మెడలో గంధపు చెక్క దండ. ఆ గోడ ఎప్పుడూ చీకట్లోనే ఉండేది కాబట్టి నాకు అడ్డం కాలేదు. అయినా వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది. స్టూడియోలో పోయినవాళ్ల ముఖాలతో ఏళ్లు గడిపిన దాన్ని, నాకు అంత తొందరగా భయం వెయ్యదు. అక్కడ మాత్రం ప్రతిసారీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునే పని మొదలుపెట్టేదాన్ని.

మొదటి పేజీ ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టాం. రెండో రోజుకే ప్రశ్నలు మొదలయ్యాయి. మాకు ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. ఒక్కటి మాత్రం తెలుగులో, తెలుగు అక్షరాల్లోనే వచ్చింది. పంపినవారి పేరు లేదు, ఏవో నాలుగు అక్షరాలు, అంకెలు. ఊరు లేదు. అంతకుముందు ఏమీ కొన్నట్టు లేదు.

"నీలం స్టాంపు వెనకవైపు చూపిస్తారా?"

యజమాని కదపనివ్వరు, క్షమించండి అని జవాబు రాశాను. ఇలాంటి జవాబుకు మామూలుగా కోపం వస్తుంది. ఆ మనిషి నుంచి వచ్చింది ఇంతే: "మంచిది. కదపకండి."

వింత మనిషి అనుకున్నాను. మా వ్యాపారంలో వింత మనుషులకు కొదవ లేదు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది.

"ఎదురు పేజీ మీద చాయ్ మరక ఇంకట్లనే ఉన్నదా?"

నేను ఎదురు పేజీ ఫొటో తీయలేదు. నిజానికి దాన్ని చూడనే లేదు. అక్క ఆ వైపును ఎప్పుడూ ఒక గుడ్డతో కప్పి ఉంచేది, దుమ్ము పడకుండా అనుకున్నాను. సేటుకు ఫోన్ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఫికర్ జేయకు అక్కా. ఆ పోరడు స్టాంపులోళ్ల మీటింగులకు పోతుండెనంట. గాడ ఎవడో ఆల్బం చూసుంటడు."

"మరి మరక సంగతి?"

"చూసినోడికి మరక కనబడదా?" అన్నాడు. కానీ ఆ రోజంతా ఆయన కంప్యూటరుకు వీపు పెట్టి కూర్చోలేదు.

ఈ సంగతి అక్కకు చెప్పాలా వద్దా అని నాలో నేను కొట్టుమిట్టాడాను. దండ వేసి మనసు గట్టి చేసుకున్న మనిషి. ఎవడో తమాషాకు రాసిన మాటతో ఆ గట్టు తెగిపోతే ఎవరు దిక్కు? చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. అయినా నా నోరు ఊరుకోదు కదా. తర్వాతి సారి వెళ్లినప్పుడు, ఊరికే అడిగినట్టు, "అక్కా, ఎదురు పేజీ కూడా చూపిస్తవా, దాంట్ల ఏమున్నయో చూస్త," అన్నాను.

ఆమె గుడ్డ తీసింది. పేజీ కింది మూలన గోధుమరంగు మరక, కప్పు అంచు ఆకారంలో సగం సున్న. పాతది, కాగితంలోకి ఇంకిపోయింది.

"నేనే పోసిన," అంది అక్క. "కావాల్నని కాదు, చెయ్యి తగిలి ఒలికింది. వాడు మస్తు లొల్లి చేసిండు. ఆఫీసు నుంచి నేను అలిసి వచ్చిన ఆ రోజు. నాకూ కోపమొచ్చింది. 'నువ్వు ఈ ఇంట్లకెల్లి పోతెనే నాకు శాంతి' అనేసిన చెల్లె. గా మాటనే అన్న. వాడు గప్పుడే సైకిల్ తీసుకొని పోయిండు."

"ఇది ఎవలకన్న చెప్పినవా అక్కా?"

"ఎవలకు చెప్త? ఈ పేజీ మళ్ల ఎవలకు చూపెట్టలే."

వాడు వెళ్లిపోయిన సాయంత్రమే పడిన మరక అది. ఆ తర్వాత ఆల్బం ఈ ఇల్లు దాటలేదు, మా దుకాణానికి వచ్చిన ఆ ఒక్కసారి తప్ప. అప్పుడూ ఆ పేజీ గుడ్డ కిందే ఉంది. స్టాంపులవాళ్ల మీటింగులో ఎవరూ దాన్ని చూసి ఉండరు.

నేను పనిలో పడ్డాను. ఆ రోజు తీయాల్సింది ఆల్బంలోకెల్లా మంచి స్టాంపు, చిక్కటి ఊదారంగుది, దాదాపు నలుపు. ముదురు రంగు స్టాంపు మీదే ప్రతిబింబం ఎక్కువ పడుతుంది, చీకటి పడ్డాక బస్సు కిటికీలో మన ముఖం కనబడినట్టు. అక్క ఒక చేత్తో అట్ట పట్టుకుని, ఇంకో చేత్తో కళ్లు తుడుచుకుంటోంది. ఇంతలో వంటింట్లో పాలు పొంగిన చప్పుడైంది. ఆమె అట్ట వదిలేసి పరుగెత్తింది. పొగ పోవడానికి వసారా తలుపు బార్లా తీసింది. అదే క్షణంలో నా వేలు అలవాటుగా బటన్ నొక్కింది. తర్వాత అక్క వచ్చాక మళ్లీ రెండు తీశాను. దుకాణంలో మూడు ఫొటోల్లో ఏది స్పష్టంగా ఉందో చూసి, రంగు బాగా వచ్చిందని మొదటిదే పెట్టాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్న కన్ను, ఆ కన్నుకు ఏమీ కనబడలేదు. స్టాంపు నల్లగా, నిండుగా ఉంది.

ఆ మధ్యాహ్నమే అదే మనిషి నుంచి మాట వచ్చింది.

"స్టాంపు మంచిగున్నది. గోడ మీది ఫొటోకు దండ తీసెయ్యమనండి."

నేను రెండుసార్లు చదివాను. ఏ గోడ, ఏ దండ? మేము పెట్టింది స్టాంపు. సేటు దగ్గర పెద్ద తెర ఉంది, అందులో ఆ ఫొటోను పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. ఊదారంగు మధ్యలో, ప్లాస్టిక్ మీద, ఆవిరి పట్టినట్టు లేత చతురస్రం ఒకటి కనబడింది. వసారా తలుపు తెరిచినప్పుడు గోడ మీద పడిన వెలుతురు అది. ఆ చతురస్రం మీద వంపు తిరిగిన లేత గీత. గంధపు దండ. నేను ఆ ఇంట్లో రోజుల తరబడి దాని ముందు నిలబడ్డాను గనుక నాకు అర్థమైంది. ముఖమైతే లేనే లేదు, బూడిద మసక అంతే. ఎవరి ఫొటో అనేది ఆ మసకలోంచి ఎవరూ చెప్పలేరు. ఫొటో అని కూడా చెప్పలేరు.

సేటు నా భుజం మీదుగా వంగి చూసి, లోలోపల ఏదో చదువుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"యే క్యా హై అక్కా. గిది ఫ్రాడ్ గాదు. ఫ్రాడ్ గాడు పైసలడుగుతడు. వీడేమడుగుతున్నడు?"

మీరెవరు అని రాశాను. జవాబు లేదు. మీకు ఈ ఇల్లు తెలుసా అని రాశాను. జవాబు లేదు. సేటు ఆ మనిషిని అడ్డగించేద్దామన్నాడు, ఒక మీట నొక్కితే చాలు, ఇక ఆయన మాకేమీ రాయలేడు. నేను సేటు చెయ్యి పట్టుకుని ఆపాను. నా యజమాని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, అదే చివర.

"ఆమె తమ్ముడు సేటూ. ఏం చెయ్యాల్నో ఆమెనే చెప్పాలె," అన్నాను.

ఫోన్ పట్టుకుని ఆటో ఎక్కి పురానాపూల్ వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అల్లుకున్నాను. గడప దగ్గరికి వెళ్లేసరికి ఒక్క మాటా మిగల్లేదు. అక్క బియ్యం ఏరుతోంది. ఫోన్ ఆమె చేతికిచ్చాను. మొదటి మాట నుంచి చూపించాను, నీలం స్టాంపు, కదపకండి, చాయ్ మరక, దండ. ఆమె నెమ్మదిగా, పెదవులు కదిలిస్తూ చదివింది. చాయ్ మరక దగ్గర ఆగిపోయింది.

"అక్కా, ఎవడో తమాషాకు చేస్తుండొచ్చు. నమ్ముకోకు. నాకూ ఏం తెల్వది," అన్నాను.

ఆమె బియ్యం చాట పక్కన పెట్టి లేచింది. స్టూలు లాగి గోడ దగ్గర వేసుకుని ఎక్కింది. ఫొటో దించి, గుండెకు ఆనించుకుని, దాని మెడలోంచి గంధపు దండ తీసింది. అద్దం మీది కుంకుమ బొట్టును కొంగుతో తుడిచింది. మరక పోలేదు. నోటితో ఆవిరి ఊది మళ్లీ తుడిచింది. తర్వాత ఫొటోను అదే మేకుకు తగిలించి, వంకర లేకుండా సరిచేసి దిగింది. ఏడవలేదు. పెళ్లికి వెళ్లే పిల్లవాడికి కాలరు సరిచేసినట్టు చేసింది అంతా.

"ఇప్పుడు మళ్ల తియ్యి చెల్లె," అంది.

"ఏం తియ్యాలె?"

"గదే స్టాంపు. తలుపు తెరుస్త. అట్ట పెట్టకు."

"అట్ట పెట్టకపోతె గోడ పడ్తది అక్కా."

"పడాలె," అంది ఆమె.

నా ఉద్యోగ జీవితంలో ప్రతిబింబం పడేట్టు కావాలని తీసిన ఫొటో అదొక్కటే. దుకాణంలో సేటుకు దాన్ని చూపించాను. లేనిది కనబడొద్దు అన్న మనిషి, తానే దాన్ని పైకి ఎక్కించాడు. ఆ మనిషికి "తీసేసింది" అని ఒక్క మాట రాశాను. జవాబు రాలేదు. ఆ తర్వాత ఆ మనిషి నుంచి ఎప్పుడూ ఏ మాటా రాలేదు.

ఆల్బం అమ్మకానికి మాత్రం అలాగే ఉంది. కొనడానికి ముగ్గురు నలుగురు ముందుకొస్తే అక్క ఒప్పుకోలేదు. చివరికి సేటు దానికి ఎవ్వరూ కొనలేని ధర పెట్టాడు, గొణుక్కుంటూనే. గడువు తీరిన ప్రతిసారీ మళ్లీ తానే పెడుతుంటాడు. దుకాణం నష్టంలో ఉన్నా ఆ ఒక్కటి మాత్రం మరవడు.

మీకు తెలిసే ఉంటుంది, ఇలాంటి చోట్ల వస్తువు కింద చిన్న అక్షరాలతో ఎంతమంది దాన్ని గమనిస్తున్నారో రాసి ఉంటుంది. మా ఊదారంగు స్టాంపు కింద "ఒకరు చూస్తున్నారు" అని ఉంటుంది. కొత్తగా పెట్టినప్పుడల్లా మొదట ఏమీ ఉండదు. నేను చాయ్ పెట్టుకుని వచ్చేలోపు ఆ ఒక్కరు వచ్చేస్తారు. సేటే నన్ను ఓదార్చడానికి చూస్తున్నాడేమోనని నాకు అనుమానం వచ్చి ఒకసారి నిలదీశాను. అమ్మేవాడు తన వస్తువును తాను గమనించలేడని తెర మీద చేసి చూపించాడు, తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎవరో పనిలేని మనిషి కావచ్చు. ఎవరైనా కావచ్చు. తమ్ముడే అయితే ఎందుకు రాలేదు, తమ్ముడు కాకపోతే ఆ మరక ఎలా తెలిసింది, రెండూ నాకు తెలియవు. తెలుసుకోవాలని వెతికితే ఆ ఒకరు కూడా పోతారేమోనని నా భయం.

కళ్లు మసకబారాయని నేను పని మానేశాను. నల్ల అట్ట ఇప్పుడు దుకాణంలో కొత్తగా వచ్చిన అమ్మాయి చేతిలో ఉంది. ఫొటో తీసే ముందు వెనక్కి తిరిగి గోడ చూసుకో అని చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

అక్క ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. మోకాళ్ల నొప్పుల గురించీ, నీళ్లు రాని సంగతీ మాట్లాడుతుంది. ఆమెకు ఫోన్‌లో అదంతా తెరిచి చూడటం రాదు, నేర్పిస్తానన్నా నేర్చుకోదు. చివర్లో అసలు సంగతికి వస్తుంది. నేను అప్పటికే ఆ పేజీ తెరిచి పెట్టుకుని ఉంటాను.

"చూస్తున్నడా?" అంటుంది.

"చూస్తున్నడక్కా," అంటాను.

"అయితె తలుపు తెరిచే ఉంచుత," అని ఫోన్ పెట్టేస్తుంది.